కొసరు విధానం

మా పట్నం పేరు చెప్పను. చెబితే, ఇలాంటిది తమ పట్నంలోనూ జరిగిందనీ, తమ పేరెందుకు వదిలేశారనీ మిగతా పట్నాలవాళ్లు నొచ్చుకుంటారు. గోదావరి కాలవ పక్కన ఉంటుందనీ, దానికొక మున్సిపాలిటీ, ఆ మున్సిపాలిటీకి రేకుల కప్పుతో ఒక మార్కెట్టు ఉన్నాయనీ తెలిస్తే చాలు.

ఆ మార్కెట్టులో కొత్తదనం లేదని పైవాళ్లు కనిపెట్టారు. అది నిజమే. వంకాయలమ్మే మనిషి వంకాయలే అమ్ముతోంది. కిరాణా కొట్లో చింతపండు దొరుకుతోంది. చేపలు కావలసినవాళ్లు వాసన పట్టుకుని చేపల వైపు వెళుతున్నారు. ఎంతో కాలంగా ఇదే తీరు నడుస్తోందని విచారణలో తేలాక, చిరువ్యాపారాల్లోనూ వాటి మార్కెటింగులోనూ నవకల్పనను పెంచి పోషించడానికి మా మున్సిపాలిటీలో ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. దానికి అధికారిగా ఇందుశేఖర్ గారు వచ్చారు.

ఇందుశేఖర్ గారు మంచి మనిషి. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా, ఎవరితో మాట్లాడినా లేచి నిలబడే మర్యాద. కూరగాయలు ఆయనకు ఫోనులోంచి వచ్చేవి. ఫోనులోంచి రానివి ఆయన తినేవారు కాదు. వచ్చిన వారంలోనే ఉత్తర్వు ఇచ్చారు. మార్కెట్టులో అరుగు ఉన్న ప్రతి వ్యాపారీ తన వ్యాపారంలో ఒక నవకల్పన చూపించాలి. చూపించలేనివాళ్ల అరుగు, చూపించగలవాళ్లకు వెళుతుంది.

దీనికి సలహా ఇవ్వడానికి ఒక కమిటీ వేశారు. అందులో వినియోగదారుల ప్రతినిధిగా పట్టభద్రుడైన పెద్దమనిషి ఒకరు ఉండాలని నిబంధన. పట్టభద్రులు చాలామంది ఉన్నారు గానీ ఉదయం పదకొండు గంటలకు ఖాళీగా ఉండేవాణ్ణి నేనే దొరికాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ రాజ్యం పోయాక పదకొండు గంటలకు నేనెక్కడ ఉన్నా అడిగేవాళ్లు లేరు. కమిటీలో టీ, రెండు బిస్కెట్లు ఇచ్చేవారు. ఆ వేళకి ఇంకొకరు కలిపిన టీ దొరకడం నాలాంటివాడికి చిన్న విషయం కాదు. ఒప్పుకున్నాను.

మొదటి సమావేశంలో, ఈ మార్కెట్టులో వినియోగదారుడికి నచ్చేది ఏమిటో చెప్పమని ఇందుశేఖర్ గారు నన్ను అడిగారు. నాకు లోవమ్మ గుర్తొచ్చింది.

లోవమ్మది కుళాయి పక్క అరుగు. పైన రేకు కారని చోటు. అత్తగారి నుంచి వచ్చింది. ఆ అత్తగారు ఇప్పుడు నడవలేదు. కోడలి వెనకాల గోనె మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉంటుంది. ఇద్దరికీ ఆ అరుగే ఆధారం. అది లేకపోతే రోడ్డు పక్కన తట్ట పెట్టుకోవాలి. రోడ్డు మీద ఎండా, వానా, ట్రాఫిక్ పోలీసూ వంతులేసుకుని వస్తాయి. తట్ట ఎత్తుకుని పరిగెత్తడం లోవమ్మకు వచ్చు. ముసలామెను ఎత్తుకుని పరిగెత్తడం కుదరదు.

రాజ్యం పోయాక నేను మొదటిసారి సంచి పట్టుకుని మార్కెట్టుకు వెళ్లిన రోజు లోవమ్మ దగ్గర ఆగాను. వంకాయది ఏ కుటుంబమో చెప్పగలను గానీ లేతదో ముదురో చెప్పలేను. పావుకిలో ఇమ్మన్నాను. బేరమాడడం రాదు కాబట్టి అడిగినంత ఇచ్చేశాను. ఆమె తూచి సంచిలో పోసి, ఆ పైన రెండు కరివేపాకు రెబ్బలు, నాలుగు పచ్చిమిరపకాయలు వేసింది. నేను అడగలేదే అన్నాను.

"కొసరండి," అంది లోవమ్మ. "అమ్మగారైతే ఊరుకునేవోరు కాదు."

ఆ రోజు ఇంటికి వచ్చి చారు పెట్టుకున్నాను. అది గుర్తొచ్చే కమిటీలో కొసరు అన్నాను.

ఇందుశేఖర్ గారు కొసరంటే ఏమిటని అడిగారు. తూచాక పైన వేసేది అని చెప్పాను. తూకంలో తేడా వస్తే సరిచేయడానికా అని అడిగారు. కాదు, తూకం సరిపోయాకే అన్నాను. అలాంటప్పుడు ఎందుకు వేస్తారన్నారు. వ్యాపారుల ప్రతినిధిగా వచ్చిన కిరాణా కొట్టు వరహాలు అందుకున్నాడు.

"ఎయ్యకపోతే కదలరండి, బాబూ."

ఇందుశేఖర్ గారు కిటికీలోంచి మార్కెట్టు వైపు చూశారు. తిరిగినప్పుడు ఆయన ముఖంలో నిజమైన బాధ ఉంది.

"అంటే, ఇన్నేళ్లుగా మన చిరువ్యాపారులు వినియోగదారుడి ఆనందానుభూతిని ఏ విధానమూ లేకుండా, ఏ పర్యవేక్షణా లేకుండా, ఎక్కడా నమోదు చెయ్యకుండా పంచిపెడుతున్నారన్నమాట," అన్నారు.

అన్నమాటే అని మేం ఒప్పుకున్నాం. బిస్కెట్లు వచ్చాయి.

మరుసటి నెలకల్లా కొసరు విధానం తయారైంది. దానికి మూలస్తంభమైన వాక్యాన్ని ఇందుశేఖర్ గారు స్వయంగా రాసి, నిలబడి చదివి వినిపించారు: "మార్కెట్ ఆవరణలో ఎవరు ఎవరికి ఏది ఇచ్చినను, ఇచ్చినవారు కొసరు సమర్పించనిదే ఆ ఇచ్చుట పూర్తి అయినట్లు భావించరాదు." అందరం బల్లలు చరిచాం. ఆ వాక్యాన్ని ఇనప రేకు మీద రాయించి మార్కెట్టు గేటుకు బిగించారు.

కొసరు ఎంత వెయ్యాలన్నది ఇంకా తేలాల్సి ఉంది. ముఖం చూసి వేస్తానని లోవమ్మ చెప్పింది. ముఖానికి ప్రాతిపదిక ఏమిటని విభాగం అడిగింది. బాలింత ఉన్న ఇంటికైతే కాస్త ఎక్కువ వేస్తాననీ, మొన్నటి కాకరకాయలు చేదొచ్చాయని తిట్టిపోసిన మనిషికి కూడా ఎక్కువే వేస్తాననీ, నవ్వుతూ పోయేవాళ్లకు ఒక్కోసారి మర్చిపోతాననీ చెప్పింది. ఇది వివక్ష కిందికి వస్తుందని తేల్చి, కొసరు అందరికీ సమానంగా, సరుకు బరువులో నూటికి అయిదు వంతులుగా నిర్ణయించారు.

అయిదు వంతులంటే తూచాలి. తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి, కాటాలో పడినదేదైనా సరుకే అవుతుందని సెలవిచ్చాడు. ఆ మాట మా ఊరివాళ్లకు చప్పున అర్థమైంది. తూచిన కొసరు సంచిలో పడ్డాక కూడా జనం కదల్లేదు. "మరి కొసరో?" అన్నారు. తూచింది సరుకైతే కొసరు ఇంకా రావాలి కదా. వ్యాపారులు విభాగానికి పరిగెత్తారు. విభాగం ఆలోచించి, ప్రాథమిక కొసరు, ద్వితీయ కొసరు అని రెండింటిని గుర్తించింది. ద్వితీయ కొసరును కూడా తూచి ఇవ్వాలని ఆదేశించింది. జనం దాన్నీ సంచిలో వేయించుకుని అలాగే నిలబడ్డారు.

నిలబడ్డ జనాన్ని చూసి ఇందుశేఖర్ గారు సంతోషించారు. మార్కెట్టులో వినియోగదారుడు గడిపే సమయం గణనీయంగా పెరిగిందని నివేదిక పంపారు.

అయినా ఇదంతా పాత కొసరేననీ, ఇందులో నవకల్పన ఏదనీ పైనుంచి ప్రశ్న వచ్చింది. దానికి జవాబుగా రెండో ఉత్తర్వు వెలువడింది. ఒకరు వేసే కొసరు ఇంకొకరు వెయ్యకూడదు. అనుకరణ నవకల్పన కాదు. ఎవరి కొసరు వాళ్లు నమోదు చేయించుకోవాలి, ముందు వచ్చినవారికి ముందు.

నమోదు రోజున అందరికంటే ముందు వచ్చినవాడు పంక్చర్లు వేసే మస్తాన్. పొద్దున్నే పంక్చర్లు ఉండవు. ఏం కొసరు వేస్తావని అడిగితే, ఇంటికి కొత్తిమీర తెమ్మని భార్య చెప్పింది మనసులో ఉండి, కొత్తిమీర అన్నాడు. రాసేసుకున్నారు. మంగలి షాపు వెంకటరత్నానికి ఏమీ తోచలేదు. మస్తాన్ ఆకు చెప్పాడు కాబట్టి ఇంకొక ఆకు చెబితే మంచిదని కరివేపాకు అన్నాడు. గాజుల కొట్టుకు పచ్చిమిరపకాయలు, సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకు అల్లం దక్కాయి. లోవమ్మ పొద్దుటి బేరాలు ముగించుకుని వచ్చేసరికి వంటకు పనికొచ్చేది ఏదీ మిగల్లేదు. ఉన్నవాటిలో అగరొత్తు చవక. అది రాయించుకుంది.

అప్పట్నుంచి మా ఊళ్లో ఇంటి పనులకు ఒక కొత్త క్రమం వచ్చింది. కొత్తిమీర కావలసినవాళ్లు మస్తాన్ దగ్గరికి వెళ్లాలి. అతని దగ్గరికి పంక్చరు లేకుండా వెళ్లకూడదు. ఆదివారాలు అతని కొట్టు ముందు బారు ఉండేది. టైరు బాగున్నవాళ్లకు అతనే ఒక మేకు ఇచ్చేవాడు. మంచివాడు, చిన్న మేకే ఇచ్చేవాడు.

నాకు చారులోకి కరివేపాకు కావాలి. కాబట్టి వారానికోసారి క్షవరం చేయించుకునేవాణ్ణి. నా తల మీద కత్తిరించడానికి మొదటే ఎక్కువ లేదు, మూడో వారానికి అసలే లేదు. వెంకటరత్నం మెడకు గుడ్డ చుట్టి, గాలిలో కత్తెర నాలుగుసార్లు ఆడించి, అద్దం చూపించి, రెబ్బ చేతిలో పెట్టేవాడు. గుడ్డ దులిపేటప్పుడు కూడా నిజంగా దులిపినట్టే దులిపేవాడు.

లోవమ్మ అరుగు మీద మాత్రం కరివేపాకు కుప్పగా ఉండేది. కూరగాయలతో పాటు తోటవాళ్లు ఊరికే వేసి పంపుతారు. దాని మీద గోనె కప్పి, ముందు అగరొత్తులు పెట్టుకుని కూర్చునేది. వెలిగించి చూపించమని కొందరు అడిగేవారు. ఆ పొగకు వెనకాల ముసలామె తుమ్మేది. వంకాయ కూర గుళ్లో వండినట్టుందని మా వీధిలో చెప్పుకున్నారు.

వరహాలు వేరే దారిలో వెళ్లాడు. అగ్గిపెట్టె కొంటే ప్లాస్టిక్ చెంబు కొసరు వేశాడు. తరవాత అగ్గిపెట్టెకు బకెట్టు వేశాడు. అగ్గిపెట్టె ధర బకెట్టుకు తగినట్టు పెరిగింది గానీ, బకెట్టు ఉచితం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. కొసరుకూ సరుకుకూ ఉన్న నిష్పత్తిని బట్టి కొట్లకు ర్యాంకులిస్తామని విభాగం ప్రకటించగానే వరహాలు మిగతా సరుకులన్నీ లోపలికి సర్దేసి, గల్లా ముందు ఒక్క సీసా ఉంచాడు. అందులో లవంగాలు. ఒక లవంగం కొంటే బియ్యం బస్తా కొసరు.

సరిగ్గా ఆ వారం నాకు పన్ను నొప్పి వచ్చింది. లవంగం ఒకటి ఇవ్వమన్నాను. కొసరు లేకుండా ఇస్తే ఇచ్చినట్టు కాదని వరహాలు గేటు మీది రేకు చూపించాడు. లవంగం ఆటోలో తెచ్చుకున్నాను. ఆటో అబ్బాయి బస్తా మేడ మీదికి కూడా మోశాడు. మెట్ల మీద ఒక్కసారే ఆగాడు, అది కూడా నాకోసం.

వరహాలుకు జిల్లా స్థాయిలో జ్ఞాపిక వచ్చింది. దాన్ని అందిస్తూ ఇందుశేఖర్ గారు, సరుకు అనే పాతకాలపు భావన నుంచి చిరువ్యాపారాన్ని విముక్తం చేసిన మార్గదర్శి అన్నారు. తరవాత ర్యాంకుల పట్టిక చదివారు. చివర లోవమ్మ పేరుంది. వంకాయలు వంకాయలుగానే అమ్ముతోందనీ, కొసరు వంకాయలను మించడం లేదనీ, కొత్త ఆలోచన పట్ల ఉదాసీనత స్పష్టమనీ రాశారు. ఆమె అరుగు కోసం అప్పటికే ఒకరు దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లు అసలు సరుకే అమ్మరు. వ్యాపారులకు కావలసిన కొసర్లు పొట్లాలు కట్టి అమ్ముతారు. కుళాయి పక్క చోటైతే బాగుంటుందన్నారు.

మర్నాడు మార్కెట్టుకు వెళ్లాను. లోవమ్మ పావుకిలో బెండకాయలు తూచి, ఒక అగరొత్తు తీసి చేతికిచ్చింది. నేను సంచి మూయబోతుంటే అటూ ఇటూ చూసి, గోనె కిందికి చెయ్యి పోనిచ్చి, రెండు రెబ్బలు బెండకాయల అడుక్కి తోసింది. నా తల వైపు చూసి, ఇంక అక్కడ గొరగడానికేముందండి అంది. నేను నవ్వాను. చాలా రోజుల తరవాత ఒకరితో కలిసి నవ్వడం, అందుకే కాస్త గట్టిగా నవ్వానేమో.

గేటు దగ్గర కొసరు తనిఖీ జరుగుతోంది. తనిఖీ చేసేది మున్సిపాలిటీ బిల్ కలెక్టరు సూరిబాబు. చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టుకున్నాడు. ఒకప్పుడు నా విద్యార్థి. సంచి తెరిచి బెండకాయలు ఒక పక్కకు జరిపాడు.

"ఇదెక్కడిదండి మేస్టారూ?"

వెంకటరత్నం షాపులో ఇచ్చారన్నాను. సూరిబాబు నా తల వైపు చూశాడు. క్షవరం చేయించుకున్నట్టూ లేదు, చేయించుకోనట్టూ లేదు. నా తల ఆ విషయంలో ఎటూ సాక్ష్యం చెప్పదు. అతను సంచి మూసి నా చేతికిచ్చేయబోయాడు. ఇంతలో వెనక నుంచి లోవమ్మ వచ్చింది. ఎందుకొచ్చిందో, అక్కడే కూర్చుంటే పోయేది.

"నేనే ఏసేను బాబూ," అంది. "నా మూలంగా మేస్టారు అబద్దం ఆడకూడదండి."

సూరిబాబు తలదించుకుని రాసుకున్నాడు.

కమిటీ సమావేశమైంది. మంగలి షాపు పేరన నమోదైన కొసరును అనధికారికంగా, రహస్యంగా, అదీ కమిటీ సభ్యుడి సంచిలోనే వేయడం చాలా తీవ్రమైన విషయమని ఇందుశేఖర్ గారు విచారంగా చెప్పారు. నేను లేచి, ఆమె నాకు వేసింది కొసరు కాదనీ, మా ఆవిడ బతికున్నప్పటి అలవాటనీ, అరుగు పోతే వాళ్లిద్దరికీ దారి లేదనీ చెప్పాను. నాకు మాట బాగా రాదు. అయినా మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. మినిట్స్‌లో ఇలా రాశారు: "గౌరవ సభ్యులు తమ ఆర్ద్రతను వ్యక్తపరచిరి. కమిటీ దానిని నమోదు చేసుకుని తదుపరి అంశమునకు వెళ్లినది."

తదుపరి అంశం, అరుగు ఖాళీ చేయడానికి పదిహేను రోజుల గడువుతో లోవమ్మకు నోటీసు.

నోటీసు పట్టుకుని సూరిబాబు వచ్చిన పొద్దున నేనక్కడే ఉన్నాను. ఇంట్లో ఉండలేక ముందే వచ్చేశాను. సూరిబాబు చదివి వినిపించాడు. గొంతు తగ్గించే చదివాడు గానీ మార్కెట్టంతా నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినపడింది. లోవమ్మ చెయ్యి పైటకు తుడుచుకుని కాగితం అందుకుంది. వెనకాల ముసలామె చిక్కుడుకాయల మీదే చూపు ఉంచి, ఏటంటన్నాడే అని అడిగింది. ఏం లేదత్తా అంది లోవమ్మ. కాగితాన్ని మడిచి కాటా కింద పెట్టింది. ఆ పైన, పొద్దుణ్ణించి రాత్రి దాకా నెలల తరబడి చెవులు హోరెత్తేలా విన్న మాట వల్ల కావచ్చు, ఏం చెయ్యాలో తోచక కావచ్చు, చెయ్యి మళ్లీ చాచింది.

"మరి కొసరో?" అంది.

వెటకారం కాదు. ఆమె ముఖం చూసినవాణ్ణి కాబట్టి చెప్పగలను. ఇంకేమీ తోచక నోట్లోంచి వచ్చిన మాట అది. సూరిబాబు కూడా ఏమీ తోచక జేబులు తడుముకున్నాడు. ఒక పెన్ను దొరికింది. పెన్ను పుస్తకాల కొట్టువాళ్ల కొసరు. దువ్వెన దొరికింది. దువ్వెన గాజుల కొట్టువాళ్లు రెండో విడతలో రాయించుకున్నారు. ఒక చాక్లెట్టు దొరికింది. అది ఎవరిదో కూడా తెలియదు.

అప్పుడు వరహాలు లవంగాల సీసా మూతపెట్టి కొట్టు దిగి వచ్చాడు. కొసరు విధానం ఊళ్లో అతనికి తెలిసినంతగా ఇందుశేఖర్ గారికి కూడా తెలియదు. దాని మీదే బతుకుతున్నాడు.

"మార్కెట్లో ఎవరు ఎవరికి ఏదిచ్చినా అనే కదండి రాసేరు," అన్నాడు గేటు వైపు చెయ్యి చూపించి. "సరుకని రాయలేదు. మీరు నోటీసిచ్చేరు. కొసరెయ్యలేదు. ఇచ్చినట్టు కాదు."

లోవమ్మకు ఈ సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కాటా కింద నుంచి కాగితం తీసి, మడతలు సాపు చేసి, సూరిబాబు చేతిలో పెట్టింది.

"అయితే పూర్తిగా అట్టుకురండి బాబూ," అంది.

సూరిబాబు కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. వేగంగానే వెళ్లాడు. అతని నడక చూస్తే బాధపడుతున్నట్టు నాకనిపించలేదు.

ఆ రోజు పదకొండు గంటలకే అత్యవసర సమావేశం పెట్టారు. నోటీసుకు కొసరు ఏం వెయ్యాలి? గడువులోనే నూటికి అయిదు వంతులు అదనంగా ఇద్దామని ఒకరన్నారు. అంటే ముప్పావు రోజు. తూనికల ఇన్‌స్పెక్టరు అడ్డం పడ్డాడు. కొలిచి ఇస్తే అది గడువులోకే వస్తుంది. దానికి మళ్లీ ద్వితీయ కొసరు వెయ్యాలి, దానికి మళ్లీ. సైన్సు చదువుకున్నవాణ్ణని నా వైపు తిరిగి, ఇది ఎక్కడైనా ఆగుతుందా అని అడిగారు. చిన్నదవుతూ పోతుంది గానీ ఆగదండి అన్నాను. నేను కమిటీలో చెప్పిన మాటల్లో పూర్తిగా నమోదైనది అదొక్కటే.

పోనీ కాగితం బరువును బట్టి వేద్దామన్నారు. అయిదు వంతుల బరువుకు ఇంకొక నోటీసు మూల చింపి ఇవ్వాలి. మూల చిరిగిన ఆ నోటీసు చెల్లుతుందా? పువ్వు ఇద్దామంటే నమోదైపోయింది. గుండుసూది నమోదైపోయింది. ఎవరో చిన్న గొంతుతో, మున్సిపాలిటీ ఈ ఒక్కసారికి తనను తాను మినహాయించుకోవచ్చు కదా అన్నారు. ఇందుశేఖర్ గారు లేచి నిలబడ్డారు.

"విధానం రూపొందించినవారే విధానాన్ని అతిక్రమిస్తే క్షేత్రస్థాయికి మనం ఏం సందేశం ఇస్తున్నట్టు?" అన్నారు.

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నాకాయన మీద గౌరవం పెరిగింది. అన్నాక ఆయనకే ఇంకొకటి తట్టినట్టుంది, మెల్లగా కూర్చున్నారు. విధానం వచ్చాక మార్కెట్టులో మున్సిపాలిటీ ఇచ్చిన రసీదులు, లైసెన్సులు, వరహాలుకిచ్చిన జ్ఞాపిక, వేటికీ కొసరు వెయ్యలేదు. అవేవీ ఇచ్చినట్టు కాదు. బిస్కెట్లు వచ్చాయి గానీ ఆ రోజు ఎవరూ తినలేదు. నేను ఒకటి తిన్నాను.

స్పష్టత కోరుతూ ఫైలును పైకి పంపారు. కొంతకాలానికి జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉన్నదని రాశారు. జవాబుతో పాటు గడిచిపోయిన సంవత్సరపు డైరీ ఒకటి వచ్చింది. ఎందుకు పంపారో రాయలేదు. అది కొసరే అయి ఉంటుందనీ, పైవాళ్లు విధానాన్ని ఎంత శ్రద్ధగా పాటిస్తున్నారో చూడమనీ ఇందుశేఖర్ గారు మాకు చూపించారు.

స్పష్టత వచ్చేదాకా మార్కెట్టు ఎలా నడవాలన్న ప్రశ్న మిగిలింది. కొసర్ల నమోదు కాగితాలు కూడా ఇచ్చినట్టు కాదు కాబట్టి కొత్త విధానం ప్రకారం ఎవరూ ఏదీ ఇవ్వడానికి లేదు. దాంతో మూడో ఉత్తర్వు వచ్చింది. అంతవరకు వ్యాపారులు తమకు తోచిన కొసరు, తోచినవారికి, తోచినంత వేయవచ్చుననీ, దీనిని ప్రయోగాత్మక పథకంగా పరిగణిస్తామనీ అందులో ఉంది. ఇంతవరకు ఏ మున్సిపాలిటీలోనూ ఇలాంటి ప్రయోగం జరగలేదని పేపర్లో కూడా వచ్చింది. మస్తాన్ మేకుల డబ్బా లోపల పెట్టేశాడు. వరహాలు బియ్యాన్ని బియ్యంగా అమ్మడం మళ్లీ మొదలుపెట్టాడు, కాస్త అయిష్టంగా. నేను వెంకటరత్నానికి ఎదురుపడినప్పుడు ఇద్దరం తలలూపుకుంటాం. జుట్టు పెరిగితే తప్ప అతని దగ్గరికి వెళ్లను. అది పెరగడం లేదు.

లోవమ్మ నోటీసు సూరిబాబు బీరువాలోనే ఉంది. కొసరు దొరికాక ఇస్తానంటాడు. వెతుకుతున్నావా అని ఒకసారి అడిగాను. పనుల ఒత్తిడి వల్ల కుదరడం లేదన్నాడు. కుళాయి పక్క అరుగు మీద లోవమ్మ కరివేపాకు కుప్ప మీంచి గోనె తీసి అత్తగారు వీపు ఆనించుకోవడానికి మడతపెట్టి వేసింది.

మొన్న ఒక పొద్దున నేను ఆమె దగ్గర దోసకాయలు ఏరుకుంటుంటే ఇందుశేఖర్ గారు వచ్చారు. మడత విప్పని కొత్త సంచి చేతిలో ఉంది. తనిఖీకి వచ్చారేమో అని లోవమ్మ సర్దుకుని కూర్చుంది. ఆయన బెండకాయలు పావుకిలో కావాలన్నారు. పావుకిలో అంటే ఒక్కడే వండుకుని ఒక్కడే తినే మనిషి కొలత. నాకు తెలుసు. ఫోనులోంచి వచ్చేవాళ్లు అరకిలోకి తక్కువ పంపరట. ఆయన నాతో ఆ మాట చెప్పి, మళ్లీ ఎందుకు చెప్పానా అన్నట్టు ఆగిపోయారు.

లోవమ్మ తూచింది. సంచిలో పోసింది. ఆయన డబ్బు ఇచ్చారు. చిల్లర కూడా తీసుకున్నారు.

కదల్లేదు.

సంచి నోరు తెరిచి పట్టుకుని, ముందు రేకుల వైపు, తరవాత కుళాయి వైపు చూశారు. ఏమీ అడగలేదు. ఆయన కొసరు గురించి ఎన్నో పేజీలు రాశారు గానీ, అడగడం ఎలాగో వాటిలో ఎక్కడా రాయలేదు. లోవమ్మ ఆయన ముఖం చూసింది. రెండు రెబ్బలు తీసి సంచిలో వేసింది. ఒక క్షణం ఆగి, నాలుగు పచ్చిమిరపకాయలు కూడా వేసింది.

ఇందుశేఖర్ గారు సంచి మూసుకున్నారు. జేబులో పెన్ను ఉంది గానీ తియ్యలేదు.

కమిటీ సభ్యుణ్ణి కాబట్టి నేను ఇవన్నీ చూడకూడదు. అటు తిరిగి దోసకాయలు ఏరుకున్నాను.